జూడో డ్రెస్ కింద తామర

వర్షాలు మొదలైన వారం. క్లాసు ముగిసి జూడో డ్రెస్ విప్పుతుంటే కుడి ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. అంచు ఉబ్బి ఉంది, చెమట తగిలితే దురద. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో పన్నెండేళ్లుగా పిల్లలకు జూడో నేర్పుతున్నాను. తామరను గుర్తుపట్టలేనివాణ్ణి కాను. అయినా చెమటకాయ అనుకున్నాను. తామర ఉన్నవాళ్లు మ్యాట్ ఎక్కకూడదన్న నియమం నేను పెట్టిందే మరి.

నల్లగండ్లలో మా వీధి మెడికల్ షాపతను చెయ్యి చూసి ఒక ట్యూబ్ ఇచ్చాడు. "ఇది రాయన్నా, మూడు దినాలల్ల పోతది. దీనికి డాక్టరెందుకు?"

మూడు రోజుల్లో నిజంగానే పోయింది. వారానికి మళ్లీ వచ్చింది, ఈసారి రెండు మచ్చలు. రాస్తే తగ్గడం, మానితే పెరగడం. నాలుగో ట్యూబ్ నాటికి నడుము దాకా పాకింది. క్లాసుకు ముందు ముంజేతికి పట్టీ చుట్టుకుని, బెణికిందని చెప్పేవాణ్ణి.

ప్రతి శనివారం పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్లు, మెడ, చేతులు చూస్తాను. ఒక శనివారం హాసిని మెడ మీద అలాంటి మచ్చే కనిపించింది. పదేళ్ల పిల్ల, జిల్లా పోటీలకు తయారవుతోంది. మెడ చుట్టూ చెయ్యి వేసి నేలకు అదిమిపట్టే పట్టు తనకు నేర్పుతున్నది నేనే. ఆ పట్టులో నా ముంజెయ్యి ఆనేది అక్కడే. పట్టీ ఎన్నిసార్లు జారిందో నాకు తెలుసు. అయినా అందరి ముందు, "తగ్గాక రా అమ్మా" అన్నాను. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. పోటీలకు వెళ్లలేకపోయింది.

ఆ సోమవారం స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చర్మం గీకి కేఓహెచ్ టెస్ట్ చేయించారు. ఫంగస్ పాజిటివ్. నా ట్యూబ్ తిప్పి చూసి ఆవిడ అన్నారు: "ఇందులో స్టెరాయిడ్ ఉందండి. దురదను అణిచింది, ఫంగస్‌ను పెంచింది. మానేస్తే ముందు ఎక్కువవుతుంది, భయపడకండి."

లివర్ ఫంక్షన్ టెస్ట్ చేసి, ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ మాత్రలు మొదలుపెట్టారు. ట్యూబ్ మానిన నాలుగో రోజుకు ఒళ్లంతా మంట. ఇంట్లో నాకు వేరే గది, వేరే బకెట్, వేరే తువ్వాలు. ముసురుకు బట్టలు ఆరక ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకునేవాణ్ణి. గొళ్ళెం గదికి లోపలివైపే ఉంది, అయినా బయటికి రాలేకపోయాను. క్లాసులు ఎందుకు ఆపారని పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేస్తే వెన్నునొప్పి అన్నాను.

అయిదు వారాలకు చర్మం తేటపడింది. మాత్రలు నాకు నేనే ఆపేశాను. పది రోజుల్లో తిరగబెట్టింది. "ఆపమని చెప్పాల్సింది నేను కదండీ" అన్నారు డాక్టర్. హాసినికి నా నుంచే వచ్చిందా అని అడిగాను. "వచ్చుండొచ్చు" అన్నారు.

ఆస్పత్రి బయటికి రాగానే హాసిని తల్లి స్వరూపకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నా బిడ్డను అందరి ముంగట ఇంటికి పంపిన్రు. అప్పుడు మీకూ ఉండె. గంతేనా సార్?"

"అంతేనమ్మా."

"ఇగ గిదే మాట అందరి ముంగట చెప్పున్రి. అప్పుడు పంపిస్త దాన్ని."

ఆ శనివారం షూ విప్పకుండా, మ్యాట్ బయట నిలబడి పిల్లలకు చెప్పాను. పట్టీ ఎందుకు కట్టానో కూడా చెప్పాను. తల్లి పక్కన నిలబడ్డ హాసినికి అప్పటికి మచ్చ పూర్తిగా తగ్గిపోయింది. "ఇప్పుడు నేను ఎక్కొచ్చా సార్?" అని మాత్రం అడిగింది. ఎక్కింది.

నేనింకా ఎక్కలేదు. మాత్రలు నడుస్తున్నాయి, నడుము మీద నల్లటి మరకలున్నాయి. డాక్టర్ సరే అనేదాకా కుర్చీలో కూర్చునే నేర్పుతున్నాను. హాసిని పట్టు సరిగ్గా పడకపోతే లేచి చూపించలేను, నోటితోనే దిద్దుతాను. ఒక్కోసారి వింటుంది, ఒక్కోసారి విననట్టు ఉంటుంది.

దురదకు షాపులో అడిగి ట్యూబ్ కొనకండి. ఇప్పటికే వాడుతుంటే పారేయకుండా డాక్టర్‌కు చూపించండి, ఎన్ని వాడారో దాచకుండా చెప్పండి.