క్లచ్చు లేని బండి

ఎర్రగుంట్ల హనుమేషుకు ఉన్న పిచ్చి ఒక్కటే. సైకిలుకు క్లచ్చు లేదంటే నమ్మడు. సిమెంటు లారీ తోలి తోలి ఇంట్లో కూచున్న మనిషి, షుగరు తగ్గాలని గేర్ల సైకిలు కొన్నాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎడమకాలు పెడలు వదిలి గాలిలోకి లేచేది, కనబడనిదేదో గట్టిగా నొక్కేది. ఈలోగా చైను కిర్రుమని మూలిగి ఊడి కూచునేది.

ఆదివారం పొద్దున్నే తొక్కే జట్టుకు క్రాంతి కుమార్ పెద్ద. ఎత్తు రాకముందే గేరు తగ్గించాలనీ, మార్చేటప్పుడు కాలిబలం కాస్త వదులు చేయాలే తప్ప తొక్కడం ఆపకూడదనీ చెప్పి చెప్పి అలిసిపోయాడు.

"ఆపకుండా మారిస్తే గేరుబాక్సు పగిలిపోదాప్పా?"

"దీనికి గేరుబాక్సు లేదన్నా."

"మరి అమ్మినోడు గేర్లుండాయని ఎందుకు చెప్పినాడు?"

ఆయన అవస్థ చూసి అందరికంటే ఎక్కువ నవ్వుకున్నది స్వర్ణలత టీచరు. టైఫాయిడుతో మంచాన పడి లేచిన మనిషి. గండికోట దాకా తొక్కుకుంటూ ఎక్కితే తప్ప జబ్బు వదిలినట్టు కాదని పంతం పట్టింది. కానీ ఎత్తు కనబడితే చాలు, రొప్పు. సరిగ్గా ఆమెకు ఊపిరి అందని చోట హనుమేషు గ్రీజు చేతులతో చైను ముందు గొంతుకూచుని ఉండేవాడు. ఆమె దిగి, నీళ్లు తాగి, ఆయనకు గేర్ల పాఠం అందుకునేది. ఇంకోసారి చెప్పమనేవాడు, బుర్రకు ఎక్కలేదనేవాడు. అలా చెప్పీ చెప్పీ గేర్లు మార్చడం ఆమెకు చక్కగా పట్టుబడింది. ఆయనకు మాత్రం రాలేదు.

గండికోట ప్రయాణం ఖాయమైనప్పుడు, హనుమేషును పిలుద్దామా అని క్రాంతి అడిగాడు.

"ఆయనొస్తే ఎండెక్కేదాకా దావలోనే ఉంటాం," అంది స్వర్ణలత.

పిలవలేదు.

కోట ఎత్తు మొదలయ్యేసరికి జట్టంతా మలుపు దాటిపోయింది. స్వర్ణలత గేర్లన్నీ సరిగ్గానే మార్చింది. ఊపిరి మాత్రం అందలేదు. ఆగడానికి సాకు లేదు. చైను చేత పట్టుకున్న మనిషి ఎక్కడా లేడు. ఒక్కతే దిగి నిలబడడానికి సిగ్గేసి, పట్టుదలతో తొక్కి, కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడింది. ఎంతకీ రాలేదని వెనక్కి వచ్చిన జట్టువాళ్లు సైకిలుతో సహా ఆమెను ఆటోలో ఇంటికి పంపారు. కోటగోడ కూడా చూడలేదు.

మరుసటి వారం బడి నుంచి వస్తూ రైల్వే వంతెన మీద చూసింది. హనుమేషు వెనక సీటుకు బియ్యం మూట కట్టుకుని ఎత్తు ఎక్కుతున్నాడు. రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి. గేరు మారింది, చప్పుడు లేదు. మళ్లీ మారింది, వెన్నలో కత్తి దిగినట్టు.

పైన ఆయన్ను ఆపింది. "ఏంన్నా, చైను పడల్యా?"

దొరికిపోయిన మనిషి బియ్యం మూట సర్దుకున్నాడు. "మామూలు దినాల్లో పడదమ్మా. ఆదివారాలే దానికి తిక్క."

ఆమె నవ్వలేదు. ఎందుకిలా చేశావని అడిగింది.

"నీకు ఆయాసమై నిలబడితే అందరూ చూస్తారు. నా కోసరం నిలబడితే ఎవరు చూస్తారమ్మా?"

తన నోటినుంచి వచ్చిన మాట స్వర్ణలతకు గుర్తొచ్చింది. ఆయన్ను పిలవొద్దన్నది తనేనని చెప్పేసింది. తెలుసులేమ్మా అన్నాడాయన. లారీలో ఆ కోట కింద రోడ్డున ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదట. పైకి పోయే తీరిక ఒక్కనాడూ దొరకలేదట. మొన్నటి ఆదివారం కోసం సైకిలు కడిగి పెట్టుకున్నాడట. ఈసారి మనిద్దరం పోదామంది ఆమె.

తరువాతి ఆదివారం ఇద్దరే బయల్దేరారు. చైను సాకుతో దారిలో ఆగనని ఆమె ముందే ఆయన చేత ఒట్టు వేయించుకుంది. ఆయన ఒక్క ఊపున ఎక్కిపోయాడు. ఆమె రొప్పు వచ్చిన చోటల్లా సిగ్గుపడకుండా దిగి, కాసేపు కూచుని, మళ్లీ తొక్కింది. కోట వాకిలి దగ్గరికి చేరేసరికి ఆయన బయటే రాతి మీద కూచుని ఉన్నాడు.

"ఇంతసేపూ ఈడే ఉండావా? లోపలికి పోకపోతివా?"

"లోపల ఎత్తుపల్లాలు శానా ఉండాయంటమ్మా. నా మోకాళ్లు సరిగా లేవు. మెల్లగా నడవాల."

ఆగకుండా కొండెక్కిన ఆ మోకాళ్ల వంక స్వర్ణలత ఒకసారి చూసింది.

"సరేన్నా. నీ కోసరం మెల్లగానే నడుస్తాలే," అంది.