చిన్నబ్బి బతికే ఉన్నాడు

హెడ్‌ఫోన్స్‌లో గుర్రపు డెక్కల చప్పుడు వినగానే నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. ఈసారి వచ్చింది ఒక పాత అమెరికన్ కౌబాయ్ సీరియల్ ముగిసిన చాలా ఏళ్ళకు, అవే పాత్రల్లో ఆ నటుల్నే, నెరిసిన జుట్టుతో, కాస్త పొట్టతో మళ్ళీ గుర్రాలెక్కించి తీసిన సినిమా. ఇలాంటిదాన్ని నేను మొదట చూసింది బందరులో, వెంకటరత్నంగారి కేబుల్ ఆఫీసులో. ఆయన గుర్తొస్తే నాకు నవ్వూ గౌరవమూ ఒకేసారి వస్తాయి.

నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. డిగ్రీ అయ్యాక అక్కడ చేరి, లోకల్ ఛానల్లో చీరల దుకాణాల ప్రకటనలు చదివేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మైకు ఆయనది. విజయవాడ నుంచి తెచ్చిన కౌబాయ్ సీరియల్ క్యాసెట్లు వేసి, ఇంగ్లీషు మాటల మీద తన తెలుగు చెప్పుకుంటూ పోయేవారు. ఊరి పోలీసు లాంటి షెరీఫ్ ఆయన నోట ‘పెద్దాయన’, అతని సహాయకుడు ‘చిన్నబ్బి’. బాబాయ్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం. మొహాలు చూసి కథ అల్లేసేవారు. పక్కనున్న చేపల రేవు గిలకలదిండిలో చేపలమ్మే ఆడవాళ్ళు కూడా ఆ వేళకు బుట్టలు దించి టీవీ ముందు చేరేవారు.

నేనింకా కాలేజీలో ఉన్నప్పుడు, ఒక ఎపిసోడ్‌లో చిన్నబ్బి కనిపించలేదు. అందరూ టోపీలు చేత పట్టుకుని దిగులుగా నిలబడ్డారు. “చిన్నబ్బి ఇక లేడండీ,” అన్నారు బాబాయ్ మైకులో. మా ఇంట్లో అమ్మా నేనూ ఏడ్చాం. చేపల వేటకెళ్ళిన కొడుకు సముద్రం నుంచి తిరిగిరాని గిలకలదిండి నాగరత్నమ్మైతే, కేబుల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, “మావోడి లాగే పోయాడా బాబూ!” అని వెక్కివెక్కి ఏడ్చిందట.

నేను ఉద్యోగంలో చేరాక, ఆ సీరియల్ పాత్రలతోనే ఏళ్ళ తర్వాత తీసిన సినిమా క్యాసెట్ దొరికింది. రేపు వేస్తామని ఊరంతా చెప్పేశాక, ఓసారి చూద్దామని పెట్టాం. మీసాలు నెరిసిన చిన్నబ్బి నింపాదిగా గుర్రం దిగాడు. బాబాయ్ మొహం పాలిపోయింది.

“అతని తమ్ముడని చెప్పేద్దాం బాబాయ్,” అన్నాను.

“బతికున్నోణ్ణి ఇన్నేళ్ళు చంపి కూర్చోబెట్టాను కదమ్మాయ్. మళ్ళీ చంపమంటావా?”

“అందరూ నవ్వుతారు.”

“నవ్వనీ. నా భయమల్లా నాగరత్నమ్మ గురించే. పోయినోడు నడిచొస్తే ఆవిడ ఎట్టా తట్టుకుంటది?”

మర్నాడు మైకు పట్టుకుని, “చిన్నబ్బి చచ్చిపోలేదండీ. వేరే ఊరు ఎళ్ళిపోయాడని దిగులుపడ్డారంతే. నాకు ఇంగ్లీషు అర్థంగాక చంపేశాను. తప్పు నాదండీ,” అన్నారు. ఫోన్ ఆగకుండా మోగింది. “ఈ వారం ఎవర్ని చంపుతున్నారండీ?” అని ఆటపట్టించారు. ఆయనా నవ్వారు గానీ, చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

సాయంత్రం నాగరత్నమ్మ వచ్చింది. “ముసిలోడైపోయాడు బాబూ చిన్నబ్బి,” అంది నవ్వుతూ.

బాబాయ్ చేతులు జోడించారు. “నిన్ను ఉత్తినే ఏడిపించానమ్మా.”

“ఉత్తినే ఏడ్చానని తెలిస్తే ఎంత హాయిగా ఉందో బాబూ! మావోడి కోసం ఏడ్చిందీ ఇట్టాగే ఉత్తిదైపోతే బాగుండు.”

మెట్ల దగ్గర ఆగి, “వచ్చే వారం కూడా ఏస్తారుగా?” అని అడిగి వెళ్ళిపోయింది.

మొహాలు చూసి కథ అల్లడం నాకూ వచ్చు, ఆయన దగ్గరే అబ్బింది. అయినా ఇప్పుడు సబ్‌టైటిల్స్ రాస్తూ ఒక్క డైలాగు అర్థం కాకపోయినా అక్కడే ఆగిపోతాను, తెలిసినవాళ్ళకు ఫోన్ చేస్తాను, ఆలస్యమైందని తిట్లు తింటాను. నేను రాసిన మాట నమ్మి, ఎక్కడో ఒక తల్లి ఏడుస్తుంది.