ఆరోజు ఎవరూ పలకలేదు

నేను అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా తెలుగు మాస్టారు కవి. సొంత ఇల్లంటూ లేదు. ఒకరోజు రాజోలు, ఒకరోజు ముమ్మిడివరం, భుజాన సంచితో బస్సుల్లో తిరుగుతూ పాఠాలు చెప్పేవారు. క్లాసులోకి రాగానే తన కవితలోని మొదటి మాట అనేవారు: "ఏరు పెద్దది, పడవ చిన్నది." మేమంతా గొంతు కలిపి, "తెడ్డు పట్టే చేతులు మావి" అని అందుకోవాలి. ఆయనకు అదే హాజరు.

ఫీజులు పెంచారని సమ్మె జరుగుతున్న రోజది. మావాళ్లు కాలేజీ ముందు బస్సును అడ్డగించారు. గుంపులోంచి రాయి లేచింది. అద్దం భళ్లున పగిలింది. నుదుటి మీద రక్తంతో బస్సు దిగింది మా మాస్టారే!

పోలీసులు లాఠీలు ఎత్తారు. ఆయన చేతులు చాచి అడ్డం నిలబడ్డారు.

"ఎవరు కొట్టేరో చూసేరా?" అన్నాడు ఎస్సై.

"లేదండీ. అందరూ మా పిల్లలేనండీ, ఒగ్గేయండి."

తర్వాత మా వైపు తిరిగి, ఎప్పటిలాగే మెల్లగా అన్నారు: "ఏరు పెద్దది, పడవ చిన్నది."

చేతుల్లోంచి జారిన రాళ్లు తారురోడ్డు మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇప్పుడు నేనూ టీచర్నే. హాజరు వేసేటప్పుడు క్లాసంతా ఉత్సాహంగా పలుకుతుంది. నాకు మాత్రం ఆనాటి రాళ్ల చప్పుడే వినిపిస్తుంది.