పీకేసిన హారన్ మోగిన మధ్యాహ్నం

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. పనిచేయని సెన్సార్ పనిచేస్తున్నట్టు చూపించి, బండి పరీక్ష కార్డు మీద సంతకం పెట్టాను.

దయ్యాల కథలంటే నాకు రోత. దిల్‌సుఖ్‌నగర్ టీకొట్టులో నిలబడి, హాస్టల్ గదిలో గజ్జెల చప్పుడు విన్నామని చెప్పే డిగ్రీ గాళ్లను చూస్తే అసహ్యం వేసేది. ఇప్పటికీ వాళ్లను నమ్మను. నన్ను మీరు నమ్మకపోయినా తప్పు పట్టను.

ఎల్బీ నగర్ అవతల ఒక వర్క్‌షాపులో నేను సూపర్‌వైజర్‌ని. సైన్యం వాడే కవచ వాహనాలు మా దగ్గరికి రిపేరుకు వస్తాయి. లోపల మంట పుడితే సెన్సార్లు తమ అద్దంలోంచి పసిగట్టి, హారన్ మోగించి, సిలిండర్ల గ్యాస్ వదలాలి. అంతా రెప్పపాటులో జరగాలి. లేకపోతే లోపలి మనిషి బతకడు.

దసరా మర్నాడు ఒక బండిలో లోపం చూపే ఎర్ర దీపం ఆరడం లేదు. డ్రైవర్ సీటు వెనక సెన్సార్ అని తేలింది. అది లోపలే చెడిపోయిందని తీర్పు చెప్పేశాను. సాయంత్రం బడంగ్‌పేట్‌లో ప్లాటు చూడటానికి పోవాలి మరి.

యాదగిరి మా పాత ఫిట్టర్. కర్మన్‌ఘాట్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. "సార్, జర ఆ సెన్సార్ అద్దం చూద్దాం. రెండు నిమిషాల పని" అన్నాడు.

"నువ్వు నాకు చెప్పేంతవాడివయ్యావా? పోయి గ్రీజు తుడుచుకో" అన్నాను, అందరి ముందూ.

"మీ ఇష్టం సార్. లోపట కూసునేటోనికి పానం ఉంటది, గంతే."

సెన్సార్ విప్పి బల్ల మీద పడేసి, దాని చోట డమ్మీ ప్లగ్ పెట్టాను. పరీక్షలప్పుడు వాడే ప్లగ్ అది. సెన్సార్ బాగానే ఉందని కంట్రోల్ బాక్సును నమ్మిస్తుంది. దీపం ఆరింది. కార్డు మీద సంతకం పెట్టేశాను. చెవులు పగలగొడుతోందని హారన్ వైరు అంతకుముందే పీకి, కొసకు టేపు చుట్టాను. రిపేరప్పుడు గ్యాస్ వదలకుండా సిలిండర్లకు పెట్టే సేఫ్టీ పిన్నులు కూడా తీయలేదు.

ఇంజన్ స్టార్ట్ చేయమని యాదగిరినే లోపలికి ఎక్కించాను.

కాసేపటికి హారన్ మోగింది. షెడ్డులో ఉన్న ఆరుగురం విన్నాం. యాదగిరి పై మూతలోంచి బయటికి దూకాడు. ఆయన కాళ్లు నేలను తాకిన తర్వాత, సీటు వెనక డీజిల్ పైపు పగిలి మంట లేచింది. చేతి సిలిండర్లతో ఆర్పేసరికి సీటు మాడిపోయింది.

హారన్ వైరు వేలాడుతూనే ఉంది. నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. బాక్సు మెమరీలో అలారం నమోదు కాలేదు.

"మీరే పీకిర్రు కద సార్? మరి మోగింది ఏంది?" అన్నాడు యాదగిరి.

ఇక తమాషా మొదలైంది. ఒకడు పూజ మహిమ అంటూ బండికి దండ వేశాడు. ఇంజనీరింగ్ చదివిన ఇంకొకాయన పక్క షెడ్డు హారన్ అన్నాడు. పక్క షెడ్డులో హారనే లేదు. ఇన్ని తెలివితక్కువ మాటల్లోనూ నా సంతకమంత నీచమైనది ఒక్కటి లేదు.

యాదగిరి బల్ల మీది సెన్సార్ తెచ్చి చూపించాడు. అద్దం మీద ఎండిన గంధం, నడుమ కుంకుమ. దసరా నాటి ఆయుధ పూజలో బండి లోపల బొట్టు పెట్టమంటే, విసుక్కుంటూ చేతికందినచోట పూసింది నేనే. తడిగుడ్డతో తుడిస్తే పోయేది.

మర్నాడు జరిగినదంతా పైవాళ్లకు రాసిచ్చాను. నేను సంతకం పెట్టిన పాత బండ్లన్నీ మళ్లీ విప్పమన్నాను. ఒకదాంట్లో ఇంకో డమ్మీ దొరికింది. అదీ నాదే. పెట్టి మర్చిపోయాను కూడా. సూపర్‌వైజర్ పదవి పోయింది. అదే షెడ్డులో ఫిట్టర్‌గా చేరాను.

"తప్పు నాదే యాదగిరన్నా" అని అందరి ముందే అన్నాను.

"అనుడు గాదు సార్, గుడ్డ వట్టున్రి" అన్నాడు.

ఆ హారన్ ఎలా మోగిందో నాకు నేటికీ తెలియదు. ఇప్పుడు పరీక్ష చేసి సంతకం పెట్టేది యాదగిరన్న. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చునేది నేను.