కన్యాకుమారి కంకర దారి

ఆమదాలవలస నుంచి వచ్చే తారు రోడ్డు మా ఊళ్లోకి మళ్లే చోట మా కిరాణా కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఎదురుగా వరి మళ్లు, వాటి నడుమ ఓ డాబా ఇల్లు కనిపిస్తాయి. చినబాబు, అతని చెల్లెలు కన్యాకుమారి ఉండే ఇల్లది. రోడ్డుకీ ఆ ఇంటికీ మధ్య ఒక్క మడి, దాని పక్కన ఓ గట్టు, అంతే దూరం. మనలాంటి వాళ్లం ఆ గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతాం. కన్యాకుమారికి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడిపోయాయి. ఆమె రోడ్డెక్కాలంటే అన్న వీపెక్కాలి.

అన్నంటే చినబాబులా ఉండాలని ఊరంతా పొగుడుతుంది. నేనూ పొగిడాను. అబద్ధమేమీ కాదు, ఆ మనిషి ఒక్కనాడు విసుక్కోగా చూడలేదు. కానీ ఇంత పొగిడిన వాళ్లలో ఒక్కరైనా ఆ వీపు మీదున్న మనిషి మొహం చూశారా? ఆస్పత్రి అంటే మోశాడు, బ్యాంకు అంటే మోశాడు, ఓటుకీ మోశాడు. సంతకీ, పండక్కీ, స్నేహితురాలి పెళ్లికీ తీసుకెళ్లమని ఆమె అడగలేదు. ఎండలో పొలం పని చేసి వచ్చిన మనిషిని గాజులు కొనుక్కోవడానికి మొయ్యమని ఏ నోటితో అడుగుతుంది?

ఆమె ఇంట్లో కూర్చుని ఫోన్లు బాగుచేస్తుంది. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంది. నీళ్ల బకెట్లో పడిన నా ఫోనుకి ప్రాణం పోసింది ఆమే. ఆ సంపాదనతో పక్క చక్రాలు బిగించిన స్కూటీ ఒకటి కొనుక్కుంది. పేపర్లో ఫొటో వెయ్యదగ్గ సంగతే, కానీ ఏం లాభం? బండి ఉండేది మా కొట్టు అరుగు పక్కన. అన్న మోసుకొచ్చి దాని మీద కూర్చోబెట్టాలి. తిరిగొచ్చాక ఫోన్ చేస్తే అతను పని ఆపుకుని రావాలి. ఈలోగా ఆమె నా దగ్గర టీ తాగుతూ, తన ఇంటికేసి తానే చూస్తూ కూర్చునేది. చూసి చూసి నాకే ఒళ్లు మండేది.

కిందటి వేసవిలో ఒకనాడు చినబాబు చెల్లెల్ని దించడానికి వీపు వంచితే, ఆమె బండి మీంచి కదలకుండా చెప్పేసింది.

"అన్నియ్యా, మడిలో ఓ పక్క నుంచి దారేయించుకుంతాను. గ్రావెల్ తోలిస్తాను."

ఆ మడి తండ్రి ఆమె పేరున రాసిందే. అయినా చినబాబు చెంపదెబ్బ తిన్నట్టు నిలబడిపోయాడు.

"వరి పండే నేల్లో రాళ్లు పోస్తావేటే? సెప్పులిప్పి గానీ దిగమే మనం అందులో! నాన్న ఒక్కో రాయీ ఏరి పారేసినాడు."

"కాళ్లకి గుచ్చుకుంతాయని ఏరినాడు. నా కాళ్లకి గుచ్చుకునీది ఏటున్నాది?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. చినబాబు నాకేసి కొరకొరా చూశాడు. వారం పాటు ఇంట్లో ఎడమొహం పెడమొహం. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. పోస్తే పొయ్యి గానీ పైమట్టి ఒక్క పార కూడా తియ్యడానికి వీల్లేదన్నాడు. ఏళ్ల తరబడి గత్తం ఎరువు వేసి పెంచుకున్న మట్టి, రైతు అన్నవాడెవడూ తియ్యనివ్వడు. ఆమె సరేనంది. మా ఊళ్లో ట్రాక్టరున్న ధర్మేంద్ర ఎర్ర గ్రావెల్ తెచ్చి ఎండిన మడి మీదే కుమ్మరించాడు. చదును చేశాక చూడముచ్చటగా ఉంది. కన్యాకుమారి బండి మొదటిసారి సొంత గుమ్మం ముందు నిలబడింది.

ఆ సంబరం వానలు పడే వరకే. నేల నానింది. కింద బంకమట్టి, పైన గ్రావెల్. అంబలిలో అటుకులు వేసినట్టు పోసిందంతా దిగిపోయింది. అప్పుడే ఆమె శ్రీకాకుళం నుంచి ఫోన్ల సామాను కొనుక్కుని వస్తోంది. నేను కొట్టులోంచి అరుస్తూనే ఉన్నాను, ఆగలేదు. దారి మధ్యలో వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి.

చుట్టూ మళ్లలో నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్లు నారు కట్టలు పట్టుకుని నడుములెత్తి చూశారు. పెద్దమనిషి రంగనాథం గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, "భూదేవి మింగేసింది సూడండర్రా! వద్దన్న పని సేస్తే ఇలాగే ఉంతాది!" అని కేకేశాడు. పక్కనున్న వాళ్లు పకపకా నవ్వారు.

చినబాబు పరిగెత్తుకొచ్చి ఎప్పటిలాగే వీపు వంచాడు.

"ఎక్కే."

"ఎక్కను."

"వాన్లో ఎంతసేపుంతావు? అందరూ సూస్తన్నారు, ఎక్కు."

"సూడనీ. నానెక్కను."

అలా వంగి ఉన్నవాడు వంగే ఉన్నాడు. ఆమె బండి మీంచి బురదలోకి జారింది. రెండు చేతులూ బురదలో ఊని, నడుము ఈడ్చుకుంటూ ఇంటికేసి సాగింది. సామాను సంచీ మెడలో వేలాడుతోంది. నవ్వులు ఆగిపోయాయి. చినబాబు పక్కనే నడుస్తూ, "వద్దే తల్లీ, వద్దే" అని ఏడుస్తూ వెళ్లాడు. ఎత్తుకోవడానికి చెయ్యి చాపినప్పుడల్లా ఆమె తోసేసింది. నేను కొట్టు వదిలేసి వానలో వెనకాలే పోయాను. జాలితో కాదు, కోపంతో. ఎవరి మీద అంటే ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఊరందరి మీదా, నన్ను కలుపుకుని.

గుమ్మం చేరాక చినబాబు ఉండబట్టలేక అడిగాడు.

"నువ్వు బరువని ఏనాడైనా అన్నానేటే నాను?"

ఆమె మొహం మీది బురద తుడుచుకుంది. "అన్నేదు. ఒక్కసారైనా అనుంతే తిరిగి తిట్టేదాన్ని. నువ్వు అన్నేదు గనకే ఏటీ అడగలేకపోయినాను. ఎన్నిటికి నోరు మూసుకున్నానో నీకు తెల్దు."

చినబాబు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఆమె గొంతు మాత్రం తగ్గలేదు.

"మింగింది భూదేవి కాదు, బురద. ఈసారి మట్టి తీసి మరీ పోస్తాను. కుదర్దంటే సెప్పు, కూలోల్ని పెట్టుకుంతాను."

కూలివాళ్లతో పనిపడలేదు. మర్నాడు నేను కొట్టు తెరిచేసరికి చినబాబు పారతో మడిలో ఉన్నాడు. దారి వెడల్పునా పైమట్టి తవ్వి, తట్టలతో తన మడిలోకి మోస్తున్నాడు. పంట మట్టి పంటలోకే పోనీ అన్నాడు. గట్టి నేల తగిలే దాకా తవ్వాడు. వాన నీళ్లు పోవడానికి అడ్డంగా తూము వేయించారు. అడుగున పెద్ద బండరాళ్లు, వాటి సందుల్లో చిన్నవి, పైన క్రషర్ కంకర. ఏటి గుండ్రాళ్లు ఊరికే వస్తాయని ధర్మేంద్ర అంటే కన్యాకుమారి వద్దంది. నున్నటి రాయి చక్రం కింద జారుతుంది, పదునైన అంచులున్న కంకరైతే ఒకదాన్నొకటి పట్టుకుంటుందట. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆమె అందర్నీ అదిలిస్తూనే ఉంది. రోడ్డు వైపు నుంచి పరుచుకుంటూ, పరిచిన దాని మీదే ట్రాక్టరు ముందుకు నడిపించారు.

పరిచారు గానీ కంకర కుదురుకోలేదు. దాన్ని తొక్కడానికి రోలరు తెద్దామంటే ఎక్కడా దొరకలేదు. స్కూటీ ఎక్కిస్తే గడగడమని వణికింది. వానలు వెళ్లి కోతలయ్యాయి. ఆ ఇంటి వెనక మళ్లున్న రైతులు ఏటా వరి మోపులు నెత్తిన పెట్టుకుని గట్టు మీంచి రోడ్డుకి మోస్తారు. అందులో రంగనాథం కూడా ఉన్నాడు. అతను మెల్లిగా వచ్చి, "అమ్మీ, నీ దార్లోంచి మా ట్రాక్టరు రానిస్తావేటి?" అని అడిగాడు. నేనైతే నాలుగు వడ్డించి పంపేదాన్ని.

"రండి మావా. అయితే ఖాళీ ట్రాక్టరు రానివ్వను. నిండా ఏసుకుని రావాల."

"అదేటే?"

"నా దారికి బరువు గావాల."

ఇక చూడాలి ఆమె దర్జా! మోపులతో పొంగిపోతున్న ట్రాక్టర్లు వరసకట్టాయి. డ్రైవర్లు వేసిన జాడలోనే పోతుంటే గుమ్మంలోంచి కేకలు. "నిన్న ఎడం పక్క తొక్కినారు, ఇయ్యాల కుడి పక్కకి పోండి! నడిమిన ఎవులు తొక్కుతారు?" రంగనాథం తన ట్రాక్టరు తనే పక్కకి తిప్పించాడు. ఆ వెనక మళ్ల పంటంతా పోయేసరికి ఆ కంకర గట్టిగా బిగిసిపోయింది. నేను చెప్పులు విడిచి నడిచి చూశాను, ఒక్క రాయి కదిలితే ఒట్టు.

కుప్పనూర్పులయ్యాక ఒక పొద్దున్న స్కూటీ చప్పుడు వినపడింది. ఆగుతుంది కదా అని టీకి నీళ్లు పెట్టాను. కన్యాకుమారి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వస్తోంది. మడిలో పెసలు జల్లుతున్న చినబాబు తలెత్తాడు.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ నేదు."

"మరేటి పని?"

"పనీ నేదు. ఊరికినే ఎల్తన్నాను."

ఆమె వయసు ముప్పై దాటింది. ఊరికే గడప దాటడం అదే మొదలు. మా కొట్టు ముందు కూడా ఆగలేదు, చెయ్యూపి ఆమదాలవలస వైపు తిరిగిపోయింది.

కాసేపటికి చినబాబు చేతులు దులుపుకుంటూ కొట్టుకొచ్చాడు. ఆమెకని పెట్టిన టీ అతనికిచ్చాను. రోడ్డుకేసి చూస్తూ తాగాడు.

"ఎప్పుడొస్తానంది?" అన్నాను.

"నానడగనేదు, హైమక్కా" అన్నాడు.