కడియం వెళ్ళొచ్చిన దేవగన్నేరు

ఫాదర్ గారు పోయారన్న సంగతి నాకు చెప్పింది మా మెస్సులో వంటావిడ. నేను చాపెల్ వెనక మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను. "రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందంటండి, తెల్లారగట్ల పోయారంట" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పైపు చేతిలో అలాగే ఉంది. కాసేపటికి చూసుకుంటే నీళ్ళన్నీ ఒక్క మొక్క పాదులోనే నిండిపోయి ఉన్నాయి. అది ఆయన మొక్కే. దేవగన్నేరుకి నీరు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. పార తెచ్చి గబగబా పాదు తెగ్గొట్టి నీళ్ళు బయటికి వదిలాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

మన కాలేజీ పత్రిక ఈ సంచికలో ఆయన గురించి చదువుకున్నవాళ్ళు చాలామంది రాస్తారు. నాకు మా ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలే గానీ రాసే అలవాటు లేదు. తోటపనివాణ్ణి కనక ఆ మొక్క సంగతే రాస్తాను. ఇక్కడ చదివిన మీ అందరికీ దానితో కొంచెం చుట్టరికం ఉంది.

ఇప్పుడు ఆర్చీ మీద యూనివర్సిటీ అని ఉంది. ఫాదర్ గారు మొదటి ప్రిన్సిపాలుగా వచ్చేనాటికి ఇది కాలవ కింద వరిచేను. ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేసి, రేకుల షెడ్డు వేసి డిగ్రీ కాలేజీ మొదలుపెట్టారు. వాన పడితే రేకుల చప్పుడుకి పాఠం వినబడేది కాదు. వాన వెలిసేదాకా మేష్టారూ పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారు. అంతకుముందు తాను పనిచేసిన ఊళ్ళో చర్చి దగ్గర్నుంచి ఒక దేవగన్నేరు కొమ్మ తెచ్చి, ఆ షెడ్డు ముందు ఆయనే గుచ్చారు. తర్వాత మేడలు లేచాయి. హాస్టళ్ళు, లేబొరేటరీలు, లైబ్రరీ వచ్చాయి. షెడ్డు పోయింది. చెట్టు ఉండిపోయింది.

ఫాదర్ గారికి భయం ఎక్కువ. తప్పుగా అనుకోకండి, దగ్గర్నుంచి చూసినవాణ్ణి కనక అంటున్నాను. వానాకాలం కాలవ నిండుగా పారుతుంటే గొడుగు వేసుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగేవారు. సెలవులకి ఇళ్ళకి వెళ్ళిన ఆడపిల్లలు తిరిగొచ్చే రోజున గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. కోనసీమ వైపు నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే ఇక అన్నం ముట్టేవారు కాదు. "అందరూ వచ్చారాండి?" అని దారిన పోయేవాళ్ళందర్నీ అడిగేవారు, నన్ను కూడా. నాకేం తెలుస్తుంది? వచ్చే ఉంటారండి అనేవాణ్ణి. ఉంటారు అనకండి, చూసి రండి అని పంపేవారు. వెళ్ళి హాస్టల్ సిస్టర్ గారిని అడిగొచ్చేవాణ్ణి.

కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు ఆ చెట్టు దగ్గరికి రావాలి. ఒక్కొక్కరి చేతిలో ఒక పువ్వు పెట్టేవారు. తెల్లటి పువ్వు, నడిమధ్య పసుపు. ఊళ్ళలో నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పాఠాలంటే బెదిరిపోయి ఉండేవారు. "భయంగా ఉందాండి?" అని అడిగేవారు. చిన్నపిల్లల్ని కూడా అండి అనే పిలిచేవారాయన. తల ఊపితే, "ఉండనీండి. నాకూ ఉంది. క్లాసుకి మాత్రం రండి" అనేవారు. ఆ పువ్వుని పుస్తకంలో దాచుకున్నవాళ్ళు ఇది చదివేవాళ్ళలో ఉంటారు.

యూనివర్సిటీ అయ్యాక కొత్త బ్లాకుకి ఆ చెట్టు అడ్డమొచ్చింది. అప్పటికి ఆయన రిటైరై చాపెల్ పక్క గదిలో ఉంటున్నారు. ఇప్పటి డైరెక్టర్ ఫాదర్ మొహమాటపడుతూనే వెళ్ళి అడిగారు. పిల్లలకి గదులు కావాలి కదా, కొట్టించండి అన్నారట ఫాదర్ గారు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి మాత్రం, "ఒక కొమ్మ ఉంచండి" అన్నారు, ఎవరైనా వింటారేమో అన్నట్టు. కోసినచోట కారే పాలు ఆరేదాకా కొమ్మని నీడలో పెట్టి, కుండీలో గుచ్చి ఆయన కిటికీ బయట ఉంచాను. ఆ ఏడు కొత్త పిల్లలకి పువ్వు లేదు. ఇది పూశాక మళ్ళీ మొదలుపెడదాం అన్నారు.

ఇంతలో యూనివర్సిటీని తనిఖీ చెయ్యడానికి కమిటీ వస్తోందన్నారు. కమిటీ అంటే ఇక్కడి కాలేజీల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. కడియం నుంచి లారీల్లో అద్దె కుండీలు దిగుతాయి, వరండాల నిండా వరసలు తీరుతాయి, వాళ్ళు వెళ్ళిపోగానే మళ్ళీ లారీ ఎక్కుతాయి. అన్నీ ఒకేలా ఉండాలని ఆసారి కుండీలన్నిటికీ జేగురు రంగు పూశారు. పూసినవాళ్ళు ఫాదర్ గారి కుండీకీ పూసేశారు. వరసలో ఒకచోట ఖాళీ కనబడితే ఎవరో దాన్ని తెచ్చి అక్కడ పెట్టారు. నేను ముందువైపు పచ్చికలో పనిలో ఉండి చూడలేదు. కమిటీ వెళ్ళింది, లారీ వెళ్ళింది. మర్నాడు ఫాదర్ గారు కర్ర పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "నా కుండీ ఏదండి?"

ఇద్దరం ఆటోలో కడియం వెళ్ళాం. దారంతా ఆయన ఎదురొచ్చే లారీల్లోకి తొంగి చూస్తున్నారు. ఎవరికైనా అమ్మేసి ఉంటారాండి అని ఒక్కసారి అడిగారు. ఆటో అతన్ని కాస్త త్వరగా పోనివ్వమన్నాను.

నర్సరీలో దేవగన్నేరు కుండీలు ఎటు చూసినా ఉన్నాయి. అన్నీ జేగురు రంగువే. ఎక్కడెక్కడి కాలేజీల నుంచో అదే రంగుతో తిరిగొచ్చినవి. పువ్వు లేని దేవగన్నేరుని చూసి రంగు చెప్పడం నా వల్ల కాదు. ఫాదర్ గారు అంగీ అంచు బురదలో ఈడ్చుకుపోతుంటే వరసల మధ్య వంగి వంగి చూస్తున్నారు. నర్సరీ ఆవిడ నవ్వింది.

"ఏంటండి ఫాదర్ గారూ, తిరనాళ్ళలో పిల్లాడు తప్పిపోయినట్టు అలా వెతుకుతారు? పోనీ పువ్వున్నదే ఒకటి పట్టుకెళ్ళండి. తెల్లది కావాలంటే తెల్లది, ఎర్రది కావాలంటే ఎర్రది."

"మాదే కావాలమ్మా" అన్నారాయన. "అన్నీ పోయాయి. అదొక్కటే మిగిలింది."

ఆవిడ నవ్వు ఆపి తనూ వెతకడానికి వచ్చింది.

ఎండ బాగా ముదిరాక ఆయన ఒక కుండీ దగ్గర ఆగారు. ఆ మొక్క ఒక పక్కకి వాలి ఉంది. నా కిటికీ దగ్గరా ఇలాగే వెలుతురు వైపు వాలేది అన్నారు. వాలినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఆయనా చూశారు. ఇదేనాండి అని అడిగాను.

"తెలియడం లేదండి. భయంగానే ఉంది" అన్నారు. కాసేపు దాని మొదలు పట్టుకుని నిలబడ్డారు. "పట్టుకెళ్దాం."

తెచ్చి చాపెల్ వెనక నేలలో పెట్టాం. ఇక రోజూ పొద్దున్నే వచ్చి చిగురు దగ్గర తల పెట్టి చూసేవారు. ఇదేనంటారా అని అడిగేవారు. అదేనండి అంటే ఆయన మనసు కుదుటపడేది. కానీ ఆయనతో తెలియని మాట ఎలా చెప్తాను? పూస్తే తెలుస్తుందండి అనేవాణ్ణి. పూసేదాకా నేనుంటానో లేదో, అదింకో భయం అని నవ్వేవారు.

ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు కారు చాపెల్ దగ్గర ఆపించుకున్నారు. అద్దం దించి మొక్క వైపు చూశారు. ఏదో చెప్తారని దగ్గరికి వెళ్ళాను. "నీళ్ళు ఎక్కువ పెట్టకండి" అన్నారు. నాతో ఆయన ఆఖరి మాట అదే.

సమాధి ఆ మొక్కకి దగ్గర్లోనే కట్టారు. ఎల్లుండి కొత్త పిల్లలు వస్తున్నారు. పువ్వులు పూస్తే వాళ్ళకి మీరే ఇవ్వాలి, ఫాదర్ గారు వాళ్ళతో అనే మాట కూడా మీరే చెప్పాలి అన్నారు డైరెక్టర్ ఫాదర్. నలుగురిలో నోరు విప్పడమంటే నాకూ భయమే. ఎర్రది పూస్తే ఏం చెప్పాలో అసలే తెలియదు.

నాలుగు రోజులుగా కొమ్మ చివర మొగ్గల గుత్తి ఉంది. అన్నిటికన్నా పెద్ద మొగ్గ దీపం వత్తిలా మెలితిరిగి, ఒక పక్క సన్నటి ఎర్ర చారతో కనిపిస్తోంది. పాత చెట్టు మొగ్గకీ ఆ చార ఉండేది, విచ్చుకుంటే లోపలంతా తెలుపే. ఎర్ర దేవగన్నేరు మొగ్గా మొదట్లో అలాగే ఉంటుంది. ఈ పొద్దున ఆయన గేటు దగ్గర వేసుకునే కుర్చీ తెచ్చి మొక్క పక్కన వేసుకున్నాను. పని మానుకుని చాలాసేపు కూర్చున్నాను. పాదు తడి ఆరింది. మొగ్గ మెలిక ఇంకా వదల్లేదు.