ఆదివారం పొగ

ఆ వీధిలో ట్రుద్కాకు అంతుబట్టని సంగతి ఒక్కటే మిగిలింది. పై వాటా ఎర్విన్, అతని భార్య హెల్గా వారమంతా గ్యాస్ మీద వండుకుంటారు. మండు వేసవైనా సరే, ఆదివారం వచ్చిందంటే మాత్రం ఎర్విన్ తెల్లారగానే బొగ్గుపొయ్యి రాజేస్తాడు. మిగతా వాటాల్లోలా మాంసం వాసన కూడా రాదు, ఉత్త పొగే. ఎందుకు?

ఆమె అసలు పేరు గెర్‌ట్రూడ. పుట్టింది బొగ్గుగనుల పట్టణం బితోంలో, ఆ నాలుగు వాటాల ఎర్ర ఇటుకల ఇంట్లోనే; పెళ్లయ్యాక కాపురం పెట్టింది ఎదురు వాటాలో. చిన్నబడి చదువు అయిపోగానే గనిలో పనికి కుదిరింది. కదిలే పట్టీ మీద బొగ్గూ రాయీ కలిసి వస్తుంటే రాళ్లు ఏరి పారేయడం పని. పని మానేశాక కూడా ఆ ఏరే గుణం పోలేదు. కిటికీ గట్టు మీద దిండు వేసుకుని, మోచేతులు ఆన్చి, వీధిన పోయే ప్రతివాళ్లనీ ఆపేది. ఎక్కడికి, ఎందుకు, ఆ సంచిలో ఏమిటి? ఆమె నోట్లో నువ్వుగింజ నానదని తెలిసినా అందరూ చెప్పేసేవారు. చెప్పకపోతే ఆమె ఇంకోటి ఊహిస్తుంది, అది మరీ ప్రమాదం.

ఆ ఏడు మునిసిపాలిటీ వీధి కింద వేడినీళ్ల పైపు వేస్తామంది. పొయ్యిలు తీసేస్తారు, గదులకు ఆ పైపే వెచ్చదనం ఇస్తుంది. అయితే ఇంటికంతా పొగగొట్టం ఒక్కటే, మూస్తే అందరికీ మూతే. అందుకని నాలుగు వాటాలవాళ్లూ ఒప్పుకుని తీరాలి. ముగ్గురు సంతకం పెట్టారు. ఎర్విన్ పెట్టలేదు.

ట్రుద్కా మోకాళ్లు నేలమాళిగ నుంచి బొగ్గు బకెట్ మోయడం మానేశాయి. ఈసారి పైపు రాకపోతే చలికాలం లోపల పక్క ఊరు గ్లివిత్సెలో కూతురి దగ్గరకు పోవాలి. అక్కడ ఎనిమిదో అంతస్తు. అంత ఎత్తునుంచి ఎవరిని పిలిచి ఏమడుగుతుంది?

ఎన్నికల రోజులు కావడంతో చర్చి హాల్లో సభ పెట్టారు. బొగ్గు పక్షం ఆయన లేచి, యూరప్ వేసే పొగ పన్ను వల్లే కరెంటు బిల్లు కొండెక్కిందనీ, మన కాళ్ల కింది బంగారాన్ని మన చేతులతోనే పూడ్చుకుంటున్నామనీ అన్నాడు. ఇంకో పక్షం పడుచుపిల్ల, మన గనిలోంచి తీసే బొగ్గుకన్నా ఓడలో వచ్చే బొగ్గే చవకనీ, ఈ పొగ మింగి దగ్గేవాళ్ల మందుల ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదనీ అంది. ట్రుద్కాకు ఇద్దరి మాటా నిజంలాగే తోచింది. అందుకే చెయ్యెత్తింది.

"అమ్మాయీ, ఆ పైపులో నీళ్లు దేంతో కాగుతాయి?"

ఆ పిల్ల నిజమే చెప్పింది. "ఇప్పటికైతే... ఊరి చివర పెద్ద బాయిలర్లో. బొగ్గుతోనే."

హాలంతా గొల్లుమంది.

"కానీ నాలుగొందల చిన్న గొట్టాల బదులు ఒక్కటే పెద్ద గొట్టం, దానికి వడపోత! ముందు ముందు బొగ్గు కూడా మారుస్తాం!" అని ఆ పిల్ల గొంతు పెంచింది.

"బాగుంది. మరి మీరు చెప్పండి," అంది ట్రుద్కా బొగ్గు పక్షం ఆయనతో, "ఆ బంగారం తవ్వడానికి కుర్రాళ్లేరీ? మా వీధి పిల్లలంతా కంప్యూటర్ల ముందు కూర్చున్నారే?"

 అప్పుడు వెనక నుంచి ఎర్విన్ అరిచాడు. "పిడుగు పడ! బ్రస్సెల్స్‌లో కూర్చున్న ఆ యూరప్ వాళ్లెవరు నా పొయ్యి ఆర్పడానికి?" బల్ల గుద్ది బయటికి నడిచాడు.

అందరూ అది రాజకీయం అనుకున్నారు. ట్రుద్కా అనుకోలేదు. ఎర్విన్‌కు కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి, అబద్ధమాడితే మెడ. ఆ పూట ఎర్రబడింది మెడ.

ఆదివారం పొగ లేవగానే ఆమె రెయిలింగు పట్టుకుని అటకదాకా ఎక్కింది. అక్కడ ఎర్విన్ పందెం పావురాల గూళ్లున్నాయి. అతను కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"ఎర్విన్, ఈ ఎండలో ఎవరికోసం ఆ మంట?"

"దుంపలు ఉడకేశాను."

"మెడ చూసుకో."

అతను మెడ రుద్దుకున్నాడు. గూళ్లవైపు తలూపి గొణిగాడు. "వాటికోసమే. లారీలో జర్మనీ అవతలికి తీసుకుపోయి వదులుతారు. ఇంటిదారి ఎలా తెలుస్తుందనుకున్నావ్? పొగ వాసన. ఏ ఇంటి పొగ ఆ ఇంటిదే. మా నాన్న చెప్పాడు."

"ఆయన చెబితే అయిపోయిందా?"

"నేనూ చూశాను! హెల్గా ఆసుపత్రిలో ఉన్న ఆదివారం పొయ్యి వెలిగించేవాళ్లు లేరు. నా పుంజు పావురం తిరిగిరాలేదు."

"అయ్యో, పాపం హెల్గా..."

"హెల్గా మంగళవారం వచ్చేసిందిగా! పావురమే రాలేదు."

ట్రుద్కా నవ్వు ఆపుకుంది. "ఈ ముక్క సభలో చెప్పొచ్చుగా?"

"దేశం మొత్తం కరెంటు గురించి కొట్టుకుంటుంటే, నేను లేచి నా పావురాలు దారి తప్పుతాయండీ అనాలా? చచ్చేదాకా ఏడిపిస్తారు."

"సరే. వచ్చే పందేనికి పొయ్యి వెలిగించకు, అవి వస్తే సంతకం పెట్టు. చూద్దాం."

"చూసేదేముంది? నువ్వూ, నీ పక్క వాటా బ్రిగీదా కింద రోలాడ వండుతారు, అదీ ఈ గొట్టంలోంచే పోతుంది. నాలుగు వాటాల పొగా కలిస్తేనే ఈ ఇంటి వాసన. ఆర్పితే అందరూ ఆర్పాలి."

ఆ మాటకు ట్రుద్కా కూడా వెనక్కి తగ్గింది. ఆదివారం రోలాడ లేకుండానా? ఆ మాంసపు చుట్ట బొగ్గుపొయ్యి మీద కుదిరినట్టు గ్యాస్ మీద కుదరదు; సంతకం పెట్టేటప్పుడు ఆమెకిది తట్టనే లేదు. అది లేని ఆదివారం వాళ్ల వైపు ఆదివారమే కాదు. అయినా కిందికి దిగి, ఒక్క ఆదివారం పొయ్యి వెలిగించొద్దని అడిగింది; బ్రిగీదా అయితే చేతిలో గరిటె జారవిడిచింది. "మా ఆయన విడాకులిస్తాడే!"

"ఇవ్వడు. ఇస్తే వాడికి వండేదెవరు?"

నాలుగో వాటా కొత్త జంట రోలాడ చేయడం ఎప్పుడూ నేర్చుకోలేదు గనుక వెంటనే సరేనన్నారు.

ఆ ఆదివారం పొగగొట్టం చల్లగా నిలబడింది. ఇల్లంతా పెరట్లో చేరి రొట్టె, సాసేజి, ఊరగాయ దోసకాయలు పరుచుకుంది. బ్రిగీదా మొగుడు, గాలిమరలకు గాలి రాని రోజు ఏంచేస్తారని కొత్త పెళ్లికొడుకును నిలదీశాడు. ఆ అబ్బాయి బ్యాటరీల గురించి ఏదో చెప్పబోయాడు. ట్రుద్కా రెండువైపులా ఆజ్యం పోసింది. ఎర్విన్ మాత్రం ముద్ద ముట్టలేదు. పక్క కాలనీ పావురాలు గుంపుగా వచ్చి దిగాయి. ఇతనివి రాలేదు. ట్రుద్కా కూడా తలెత్తి ఆకాశం వెతికింది. అవి రాకపోతే పైపు మాట మళ్లీ ఎత్తే మొహం ఆమెకు ఉండదు.

చాలాసేపటికి, చర్చి శిఖరం పక్కనుంచి ఒక నీలి చుక్క తిన్నగా వచ్చి కప్పు మీద వాలింది. దాని వెనకే మిగతావి.

"ఎదురుగాలి కదా, అందుకే ఆలస్యం," అంది ట్రుద్కా గబగబా.

"కాదు. వెనకగాలే." పావురాల విషయంలో ఎర్విన్ అబద్ధమాడడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆలస్యమయ్యాయి. కానీ వచ్చాయి. ఆ కాగితం ఇటు తే."

బ్రిగీదా వీపు మీద పెట్టి సంతకం చేశాడు. "ఓటు మాత్రం బొగ్గుకే, చెబుతున్నా."

"ఎవరు వద్దన్నారు? నేనింకా తేల్చుకోలేదు. ఆ ఇద్దర్నీ అడగాల్సినవి బోలెడున్నాయి." కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. "అది సరే ఎర్విన్, పొగ లేకుండా ఎలా వచ్చాయంటావ్?"

"నాకేం తెలుసు? వాటినే అడుగు."

ట్రుద్కా మోకాళ్లను తిట్టుకుంటూ అటక మెట్లవైపు నడిచింది.